ఇచ్చట ప్రాక్సీలు తయారు చేయబడును

ఇంజనీరింగు చదివినవాళ్ళకి ప్రాక్సీ అంటే ఏంటో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. పొద్దున్నే మొదటి పీరియడు. మిత్రుడేమో హాస్టల్లో ముసుగుతన్ని పడుకునుంటాడు. సారు వాడి నంబరు పిలవగానే వెనక బెంచీలోంచి గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అనాలి. నాలుగేళ్ళు నేనూ యథాశక్తి ఈ సేవ చేశాను :) ఇందులో సూత్రం ఒక్కటే, పిలిచేవాడికి తేడా తెలియకూడదు. 1994లో డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకం రాసిన ఆ నలుగురు పెద్దమనుషులు చెప్పిన ప్రాక్సీ ప్యాటర్న్ కూడా ఇంచుమించు ఇదే. అసలు వస్తువుకి ఏ ఇంటర్‌ఫేసు ఉందో దాని బదులు నిలబడేవాడికీ అదే ఉండాలి, పిలిచేవాడు తను ఎవరితో మాట్లాడుతున్నాడో పట్టించుకోనక్కర్లేదు.

బాగానే ఉంది. కానీ అటెండెన్సుకి పలికినవాడు ల్యాబ్ వైవాకి కూడా పనికొస్తాడని ఎవడైనా అనుకుంటే? నా గొడవంతా అక్కడే.

అసలు విషయానికొస్తే, మెథడు ప్రాక్సీలు తయారుచేసే ఫ్యాక్టరీకి "ఏ రకం ప్రాక్సీ కావాలో నువ్వే చూసుకుని ఏదో ఒకటి ఇచ్చెయ్" అనే బాపతు ఇంటర్‌ఫేసు పెట్టడం తప్పు. మామూలు తప్పు కాదు, పక్కవాడి మెడకి చుట్టుకునే తప్పు. ఇది చేసింది నేను, అనుభవించింది ఇంకొకడు. కాబట్టి ఈ టపాలో తిట్లన్నీ ముందు నాకు. ఏమైనా మిగిలితే మీ మీ టీముల్లో ఉన్న ఫ్లెక్సిబిలిటీ ప్రియులకి పంచిపెట్టుకోండి.

మా ప్రాజెక్టు బిల్లింగుకి సంబంధించింది. క్లయింటు పెట్టిన షరతుల్లో ఒకటి, ఏ ఖాతాలో సర్దుబాటు జరిగినా ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ముందు ఎంతుంది, తర్వాత ఎంతయ్యింది అని ఆడిట్ టేబుల్లో ఒక వరస పడి తీరాలి. ప్రతి మెథడులోనూ ఆ నాలుగు లైన్లూ రాసుకుంటూ పోతే ఎవడో ఒకడు ఎక్కడో ఒకచోట మర్చిపోతాడు. అందుకని మెథడు నెత్తిన ఒక యానోటేషన్ పెడితే చాలు, మిగతా పని ప్రాక్సీ చూసుకుంటుంది అని నేను ఒక చిన్న లైబ్రరీ రాశాను. (స్ప్రింగ్ ఎందుకు వాడలేదని అడక్కండి. మా కోడు ఇంకా జావా 8 మీదే నడుస్తోంది. అది ఇంకో టపాకి సరిపడా విషాదం.)

ఆ లైబ్రరీకి గుమ్మం ఒక ఫ్యాక్టరీ ఇంటర్‌ఫేసు. దాంట్లో ఒకే ఒక్క మెథడు. క్లాసు ఇస్తే ఆబ్జెక్టు వస్తుంది, అంతే. లోపల ఏం చేశానంటే, ఇచ్చిన క్లాసు ఏదైనా ఇంటర్‌ఫేసుని ఇంప్లిమెంట్ చేస్తోందా అని చూస్తాను. చేస్తుంటే ఆ క్లాసుకి ఒక ఆబ్జెక్టు కట్టి, దాని ముందు జేడీకేతో వచ్చే డైనమిక్ ప్రాక్సీని నిలబెడతాను. చేయకపోతే సీజీలిబ్‌తో ఆ క్లాసుకే ఒక సబ్‌క్లాసు పుట్టించి దాన్ని ఇస్తాను. వాడేవాడికి ఈ గోలేమీ తెలియక్కర్లేదు. రివ్యూలో అందరూ "చాలా క్లీన్‌గా ఉంది" అన్నారు. నేనూ రెండ్రోజులు కాలరెగరేసుకుని తిరిగాను.

ఇప్పుడు కాస్త ఓపిక పట్టండి, ఈ రెండు ప్రాక్సీలకీ తేడా చెప్పకపోతే తర్వాత కథ అర్థం కాదు.

జేడీకే డైనమిక్ ప్రాక్సీ 2000లో, జావా 1.3తో వచ్చింది. క్లాస్‌లోడరు, ఇంటర్‌ఫేసుల జాబితా, ఒక ఇన్వొకేషన్ హ్యాండ్లరు ఇస్తే అది రన్‌టైములో ఒక కొత్త క్లాసు పుట్టించి దాని ఆబ్జెక్టుని మన చేతిలో పెడుతుంది. మామూలుగా అందరూ వాడే పద్ధతిలో ఇక్కడ రెండు ఆబ్జెక్టులుంటాయి. బయట ప్రాక్సీ, లోపల అసలువాడు. పిలుపు ముందు ప్రాక్సీకి తగులుతుంది, అది హ్యాండ్లరుకి చెబుతుంది, హ్యాండ్లరు అసలువాణ్ణి పిలుస్తుంది. ఒకసారి అసలువాడి లోపలికి వెళ్ళాక వాడు తనలోని ఇంకో మెథడుని పిలుచుకుంటే ఆ పిలుపు నేరుగా వెళ్ళిపోతుంది. ఎందుకంటే లోపల 'దిస్' అంటే అసలువాడే, ప్రాక్సీ కాదు. తన ముందు ఒక ప్రాక్సీ నిలబడి ఉందని పాపం వాడికి తెలియను కూడా తెలియదు.

సీజీలిబ్ దారి వేరు. అది మన క్లాసుకి సబ్‌క్లాసు తయారుచేసి, ఫైనల్ కాని మెథడులన్నిటినీ ఓవర్‌రైడ్ చేస్తుంది. ఇంటర్‌సెప్టరు తన పని చూసుకుని ఇన్వోక్‌సూపర్ అంటే తల్లి క్లాసులోని అసలు మెథడు నడుస్తుంది. ఇలా వాడినప్పుడు ఉన్నది ఒకే ఆబ్జెక్టు. 'దిస్' అన్నా అదే, ప్రాక్సీ అన్నా అదే. కాబట్టి లోపలి పిలుపులు కూడా ఓవర్‌రైడ్ అయిన మెథడు మీదుగానే పోతాయి, ఇంటర్‌సెప్టరుకి దొరుకుతాయి.

ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, మొదటిది అపార్టుమెంటు గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్. బయటినుంచి వచ్చే ప్రతివాడి పేరూ రిజిస్టరులో రాస్తాడు. కానీ మూడో అంతస్తు ఆంటీగారు కరివేపాకు కోసం నాలుగో అంతస్తుకి వెళ్తే ఆ సంగతి రిజిస్టరుకెక్కదు. రెండోది ప్రతి ఫ్లాటు గుమ్మానికీ కెమెరా బిగించడం. కరివేపాకు కూడా రికార్డవుతుంది.

నా ఫ్యాక్టరీ ఏం చేసిందో ఇప్పుడు చూడండి. "మీ అపార్టుమెంటుకి భద్రత ఏర్పాటు చేస్తాం" అని ఒక బోర్డు పెట్టింది. వాచ్‌మన్‌ని పెడుతుందో కెమెరాలు బిగిస్తుందో చెప్పలేదు. ఏది పెట్టాలో దేన్నిబట్టి నిర్ణయించింది? ఇంటర్‌ఫేసు ఉందా లేదా అన్నదాన్నిబట్టి. ఆడిటింగుకి దానికీ ఏమైనా సంబంధముందా? బోడిగుండుకీ మోకాలికీ ఉన్నంత.

మా సర్దుబాటు క్లాసులో రెండు మెథడులుండేవి. ఒకటి ఒక ఖాతాని సర్దేది, దాని మీద ఆడిట్ యానోటేషన్ ఉంది. రెండోది రాత్రిపూట బ్యాచ్‌లో నడిచేది. అది జాబితా తీసుకుని లూపులో మొదటి మెథడుని పిలుస్తుంది. ఆ క్లాసుకి ఇంటర్‌ఫేసు లేదు కాబట్టి ఫ్యాక్టరీ సీజీలిబ్ దారి పట్టింది, బ్యాచ్ లోపలి పిలుపులు కూడా చక్కగా ఆడిట్ అయ్యాయి. ఏడాదిన్నర ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

అప్పుడు టీములోకి ఒక కుర్రాడొచ్చాడు. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాడు, చెప్పిన పని తు.చ. తప్పకుండా చేస్తాడు. వాడి కోడు రివ్యూ చేస్తూ నేనే రాశాను, "ఈ క్లాసుకి ఇంటర్‌ఫేసు లేదేంటి? ఒకటి తీసి పెట్టు, బాగుంటుంది" అని. పుస్తకాలన్నీ చెప్పేదే కదా. వాడు బుద్ధిగా ఇంటర్‌ఫేసు రాసి, క్లాసు పక్కన ఇంప్లిమెంట్స్ అని చేర్చి, పిలిచే చోట్ల టైపు మార్చాడు. లాజిక్కులో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. కంపైలయింది. యూనిట్ టెస్టులు పచ్చగా వెలిగాయి. టెస్టింగు టీము స్క్రీన్ మీద ఒక ఖాతా సర్ది చూసింది, ఆడిట్ వరస పడింది, ఓకే అన్నారు. స్క్రీన్ నుంచి వచ్చే పిలుపు గేటు మీదుగానే కదా వచ్చేది!

రాత్రి బ్యాచ్ మాత్రం ఆ రోజు నుంచి రికార్డు లేకుండా డబ్బులు సర్దుతూనే ఉంది. ఎక్సెప్షన్ లేదు, లాగులో ఒక వార్నింగు లేదు. మూడు వారాలు గడిచాక క్లయింటు తరఫు ఆడిటరొకావిడ ఒక ఖాతా చూపించి "ఈ తగ్గింపు ఎవరు చేశారు?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు.

తర్వాత ఏం జరుగుతుందో ఈ ఇండస్ట్రీలో ఉన్న మీకు నేను చెప్పాలా? కాల్ మీద కాల్. ఆర్సీయే షీటు. అందులో 'మూల కారణం' అన్న గడిలో కుర్రాడి కమిట్ నంబరు ఎక్కింది, పక్కన "ఇంపాక్ట్ అనాలిసిస్ చేయకుండా ఇంటర్‌ఫేసు చేర్చడం" అని. బైసెక్ట్ చేస్తే తేలింది ఆ కమిట్టే కదా మరి. దొంగతనం జరిగిన ఇంట్లో చివరగా దీపం ఆర్పినవాణ్ణి పట్టుకున్నట్టు.

ఆ కాల్‌లో నేనూ ఉన్నాను. మ్యూట్‌లో ఉన్నాను. మ్యూట్ తీయలేదు.

సాయంత్రం క్యాంటీన్లో వాడు నన్నడిగాడు, "అన్నా, ఇంప్లిమెంట్స్ అని ఒక్క మాటే కదా రాశాను. దానివల్ల ఆడిట్ ఎలా పోతుందన్నా?" అని. చూడండి, ఎంత సరైన ప్రశ్నో. ఒక క్లాసు ఏ ఇంటర్‌ఫేసుని ఇంప్లిమెంట్ చేస్తుందన్నది దాని టైపుకి సంబంధించిన విషయం. దాని లోపలి పిలుపుల్ని ఎవడు పట్టుకుంటాడన్నది దాని ప్రవర్తనకి సంబంధించిన విషయం. ఈ రెంటికీ దొంగచాటుగా ముడి వేసింది నా ఫ్యాక్టరీ. ఆ ముడి ఉందని ఇంటర్‌ఫేసు చూస్తే తెలియదు, జావాడాక్‌లో లేదు, నా బుర్రలో తప్ప ఎక్కడా లేదు. ఇంపాక్ట్ అనాలిసిస్ అంటే నా బుర్ర తెరిచి చూడటమా?

సరే, ఇప్పుడు వాదనలు. ఇది చెప్పినప్పుడల్లా నాకెదురయ్యే మొదటి మాట, "స్ప్రింగ్ కూడా అలాగే చేస్తుంది కదా?" అని. నిజమే, స్ప్రింగ్ ఏఓపీలో ఒక ప్రాక్సీ ఫ్యాక్టరీ ఇంటర్‌ఫేసుంది, దాంట్లో కూడా ఒకటే మెథడు, దాని డిఫాల్ట్ ఇంప్లిమెంటేషన్ కూడా జేడీకేనా సీజీలిబ్బా అని తనే తేల్చుకుంటుంది. నేను కాపీ కొట్టిందే అక్కడ. కానీ కాపీ కొట్టేవాడు పూర్తిగా కొట్టాలి. స్ప్రింగ్ ఏఓపీ ఏ రకం ప్రాక్సీ ఇచ్చినా లోపల వేరే టార్గెట్ ఆబ్జెక్టుని పెట్టుకుని దానికే పని అప్పగిస్తుంది. సబ్‌క్లాసు పుట్టించినా సరే, అది వాచ్‌మన్ వేషంలోనే ఉంటుంది. కాబట్టి లోపలి పిలుపులు ఎటు చూసినా దొరకవు. ట్రాన్సాక్షనల్ అని పెట్టిన మెథడుని అదే క్లాసులోంచి పిలిస్తే ట్రాన్సాక్షన్ మొదలవ్వదు అని తల బాదుకోని స్ప్రింగ్ డెవలపరుండడు. అయినా ఆ పరిమితి నిలకడగా ఉంటుంది, వాళ్ళ డాక్యుమెంటేషన్లో స్పష్టంగా రాసి ఉంటుంది. నేను ఆ నిలకడ కూడా లేకుండా చేశాను, అదీ నా ఘనకార్యం.

అలాగని స్ప్రింగ్‌ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అదే స్ప్రింగ్‌లో కాన్ఫిగరేషన్ క్లాసులు చూడండి. ఒక బీన్ మెథడులోంచి ఇంకో బీన్ మెథడుని మామూలుగా పిలిస్తే, ఆ పిలుపుని పట్టుకుని ఇంతకుముందే ఉన్న బీన్‌ని తెచ్చిస్తుంది. ఎందుకంటే అక్కడ సబ్‌క్లాసు నిజంగా సబ్‌క్లాసే. అంటే ఒకే ఫ్రేమ్‌వర్కు, ఒకే సీజీలిబ్, ఒకచోట 'దిస్' పిలుపు దొరుకుతుంది, ఇంకోచోట దొరకదు. రెంటినీ జనాలు "ప్రాక్సీ" అనే పిలుస్తారు. కొత్తగా నేర్చుకునేవాడు ఏమైపోవాలి? 2018లో స్ప్రింగ్ బూట్ 2.0 వచ్చినప్పుడు ఇంటర్‌ఫేసు ఉన్నా లేకపోయినా సబ్‌క్లాసు ప్రాక్సీలే డిఫాల్ట్ అన్నారు. ఇంటర్‌ఫేసుని చూసి దారి మార్చే తెలివితేటలు ఎంత తలనొప్పో వాళ్ళకీ తెలిసొచ్చిందని నేననుకుంటున్నాను.

రెండో మాట, "మాన్యువల్ చదవాలి బాబూ" అనేది. ఇది చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మాన్యువల్ చదవాలి, కాదన్లేదు. కానీ యంత్రం తనంతట తాను చెప్పగలిగినదాన్ని మనిషి గుర్తుపెట్టుకోవాలనడం బద్ధకం. జేడీకే ప్రాక్సీకి ఇంటర్‌ఫేసు బదులు క్లాసు ఇచ్చి చూడండి, అక్కడికక్కడే ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ విసురుతుంది. సీజీలిబ్‌కి ఫైనల్ క్లాసు ఇచ్చినా అంతే. అదీ మర్యాద. మరి ఫైనల్ క్లాసు కాకుండా, మామూలు క్లాసులో ఒక ఫైనల్ మెథడుంటే? చప్పుడు చేయకుండా దాన్ని వదిలేస్తుంది. ఓవర్‌రైడ్ కుదరదు కాబట్టి ఆ పిలుపు ఇంటర్‌సెప్టరుని తప్పించుకుంటుంది. స్ప్రింగ్‌లో ఇంకా విచిత్రం. 4.0 నుంచి ప్రాక్సీ ఆబ్జెక్టుని కన్‌స్ట్రక్టరు నడపకుండానే ఆబ్జెనెసిస్‌తో పుట్టించగలుగుతోంది. దాంతో ఆ ఫైనల్ మెథడు టార్గెట్ మీద కాకుండా ఖాళీ డొల్ల మీద నడుస్తుంది, ఫీల్డులన్నీ నల్, చివరికి నల్ పాయింటరు. ఆ సంగతి చెప్పే లాగ్ లైను స్ప్రింగ్ 5లో డీబగ్ స్థాయిలో ఉంది. ప్రొడక్షన్లో డీబగ్ ఆన్ చేసుకుని కూర్చునేదెవరండీ?

(కోట్లిన్‌లో రాసేవాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుసు. అక్కడ క్లాసులు పుట్టుకతోనే ఫైనల్. వాటిని తెరవడానికి ఒక కంపైలరు ప్లగిన్నే పెట్టుకోవాల్సి వచ్చింది.)

ఇంతకీ సీజీలిబ్‌లో ఫ్యాక్టరీ అనే పేరుతోనే ఒక ఇంటర్‌ఫేసుంది, గమనించారా? అది ఫ్యాక్టరీకి ఉండదు. తయారైన ప్రాక్సీకే ఉంటుంది! మీరు వద్దని చెప్పకపోతే ప్రతి ప్రాక్సీ ఆబ్జెక్టూ దాన్ని ఇంప్లిమెంట్ చేస్తుంది. ఎవడైనా మీ ఆబ్జెక్టుని దానికి కాస్ట్ చేసుకుని, కాల్‌బ్యాక్ మార్చేసి, మీ ఆడిట్ ఇంటర్‌సెప్టరుని పీకి పక్కన పడేయొచ్చు. వాచ్‌మన్‌కి యూనిఫారంతో పాటు అతన్ని ఉద్యోగంలోంచి తీసేసే అధికార పత్రం కూడా జేబులో పెట్టి గేటు దగ్గర కూర్చోబెట్టినట్టు. ప్రతిసారీ కొత్త క్లాసు పుట్టించకుండా అదే రకం ఆబ్జెక్టులు ఇంకొన్ని చవగ్గా కట్టుకోవడానికి అది పనికొస్తుంది, నిజమే. అయితే ఆ సౌకర్యం ఫ్యాక్టరీ దగ్గరుండాలి కానీ సరుకు మీద అచ్చేసి బజార్లోకి వదలడమేంటి?

ఇంటర్‌సెప్టరు చేతికిచ్చే మెథడ్‌ప్రాక్సీ సంగతీ అంతే. దాంట్లో ఇన్వోక్ ఉంది, ఇన్వోక్‌సూపర్ ఉంది. సబ్‌క్లాసు పద్ధతిలో పొరపాటున మొదటిదాన్ని ప్రాక్సీ మీదే పిలిచారో, అది మళ్ళీ ఇంటర్‌సెప్టరుకి, అది మళ్ళీ దానికి... స్టాక్ ఓవర్‌ఫ్లో. జేడీకే హ్యాండ్లరులో మొదటి ఆర్గ్యుమెంటుగా వచ్చే ప్రాక్సీ మీదే మెథడుని పిలిచినా ఇదే భాగోతం. మొదటిసారి రాసే ప్రతివాడూ ఇందులో ఒకసారి పడే ఉంటాడు, నేను రెండుసార్లు పడ్డాను. ఏఓపీ అలయన్స్ వాళ్ళ ఇంటర్‌ఫేసు దీనికంటే ఎంతో నయం. ఇంటర్‌సెప్టరుకి ఒక ఇన్వొకేషన్ ఆబ్జెక్టు వస్తుంది, దానితో "ప్రొసీడ్" అంటే చాలు, పిలుపు సరైన చోటికి పోతుంది. తప్పు దారి తొక్కే అవకాశం చాలావరకు తగ్గిపోతుంది.

ఇంతా ఏడ్చి నువ్వేం చేశావు అంటారా? ఆ ఒక్క మెథడు ఫ్యాక్టరీని రెండుగా విడగొట్టాను. ఒకటి 'చుట్టేది'. దానికి ఇంటర్‌ఫేసు ఏదో చెప్పాలి, అప్పటికే కట్టిన టార్గెట్ కూడా ఇవ్వాలి. టార్గెట్‌ని మనమే చేతికిస్తున్నాం కాబట్టి లోపల ఒకడు, బయట ఒకడు ఉంటారని వాడేవాడికి కళ్ళకు కడుతుంది. రెండోది 'వారసుణ్ణి పుట్టించేది'. దానికి క్లాసు మాత్రమే ఇస్తాం, ఆబ్జెక్టు అదే కడుతుంది. రెంటికీ ఉమ్మడి తల్లి ఇంటర్‌ఫేసు లేదు. పెట్టమని ఇద్దరు అడిగారు, పెట్టలేదు. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే ప్రోగ్రాము అర్థమే మారిపోయేటప్పుడు వాటిని ఒకే టైపు అనడం, సబ్‌స్టిట్యూషన్ సూత్రం గురించి ఇంటర్వ్యూల్లో ప్రశ్నలడిగే మనం చేయాల్సిన పని కాదు.

రెండూ కూడా తయారీలోనే మొరాయిస్తాయి. ఆడిట్ యానోటేషన్ ఉన్న మెథడు ప్రైవేటు అయినా, స్టాటిక్ అయినా, ఫైనల్ అయినా వారసుణ్ణి పుట్టించేది ఎక్సెప్షన్ విసిరి ఊరుకుంటుంది. యానోటేషన్ ఉన్న మెథడు ఇంటర్‌ఫేసులో లేకపోతే చుట్టేది కూడా అంతే. అప్లికేషన్ స్టార్ట్ అవ్వదు. "స్టార్టప్ ఫెయిలయితే క్లయింటు ముందు పరువు పోతుంది కదా" అన్నాడొక ఆర్కిటెక్టు మహాశయుడు. మూడు వారాల ఆడిట్ మాయమైనప్పుడు నిలిచిన పరువేదో ఆయనకే తెలియాలి.

లోపలి పిలుపుల సమస్య దీంతో పూర్తిగా పోలేదు, అది ఒప్పుకుంటాను. చుట్టేదాన్ని వాడి, క్లాసులోంచే ఆడిట్ మెథడుని పిలిస్తే ఇప్పటికీ తప్పించుకుంటుంది. దానికి బైట్‌కోడు చదివి పసిగట్టొచ్చు, ఆస్పెక్ట్‌జేతో క్లాసులోకే నేసెయ్యొచ్చు, లేదా బ్యాచ్ మెథడుని వేరే క్లాసులో పెట్టొచ్చు. మేం మూడోది చేశాం. చవక, అందరికీ అర్థమవుతుంది. ఇక సీజీలిబ్ విషయానికొస్తే, ఆ ప్రాజెక్టు వాళ్ళే మెయింటెనెన్సు లేదని, కొత్త జేడీకేల్లో, ముఖ్యంగా 17 నుంచి సరిగా నడవదని, వీలైతే బైట్ బడ్డీకి మారమని రాసేశారు. మాకిటో 2016లోనే మారింది. మా వంతు ఎప్పుడొస్తుందో చూడాలి.

కుర్రాడి సంగతి చెప్పలేదు కదూ. ఆ ఏడాది అప్రైజల్లో వాడి రేటింగు తగ్గింది. నేను మ్యూట్ తీసింది ఆ తర్వాత. మేనేజరుకి మెయిల్ రాశాను, డిజైను నాది, ఇంటర్‌ఫేసు తీయమన్నది నేను, ముడి ఉందని ఎక్కడా రాయనిది నేను అని. ఆయన మర్యాదగానే జవాబిచ్చారు, సైకిల్ క్లోజయిపోయిందని. షీటులో మూల కారణం గడి ఇప్పటికీ అలాగే ఉంది. వాడు వేరే కంపెనీలో చేరాడు, బాగానే ఉన్నాడు, అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు.

పోయిన నెల ఆ పాత ఫ్యాక్టరీ మెథడుని డెప్రికేట్ చేద్దామన్నారు. డెప్రికేట్ చేస్తే పదేళ్ళుంటుందని నాకు తెలుసు. డిలీట్ చేశాను. బిల్డు 43 చోట్ల విరిగింది. పొద్దున్నుంచీ చాట్‌లో తిట్లు పడుతూనే ఉన్నాయి. ఇప్పటికి 29 చోట్ల ఏది కావాలో ఎంచుకున్నాం, వాటిలో ఆరింట్లో ఆడిట్ ఎప్పట్నుంచో పడటం లేదని తేలింది. మిగతా 14 సోమవారం చూడాలి.